ఆకాశంలో గంట – నేలమీద ఏడు గంటలు
సిద్దిపేట పల్లెల నుంచి విమానం ఎక్కేవారు ముందుగా కట్టుకోవలసిన లెక్క

సిద్దిపేట: తిరుపతి విమానం టిక్కెట్టు మీద ప్రయాణం గంటా పది నిమిషాలని వుంటుంది. దుబాయి టిక్కెట్టులో బయలుదేరే వేళకూ దిగే వేళకూ మధ్య రెండున్నర గంటలైనా కనిపించవు. ఈ అంకెలు అబద్ధం కావు. కాని వాటినే నమ్ముకుని ఇల్లు కదిలిన వారు విమానం తప్పిపోయి తిరిగివస్తున్నారు. కువైట్‌లో వున్న కొడుకు ఐదు గంటల్లో వచ్చేస్తాడనుకుని తండ్రి శవాన్ని వాకిట్లో పెట్టుకుని కూర్చున్న ఇంటివారికి మర్నాటి దాకా ఎదురుచూపు తప్పడం లేదు.

బస్సు ప్రయాణాన్ని మన పల్లెల వారు వేళ్ళ మీద లెక్కగడతారు. దుబ్బాక నుంచి సిద్దిపేటకు ఎంతసేపు, సిద్దిపేట నుంచి జూబిలీ బస్టాండుకు ఎంతసేపు అన్నది ఎవరినీ అడగనక్కరలేదు. విమానం లెక్క మాత్రం వేరుగా వుంటుంది. అందులో దూరం ఒకటి, గాలిలో గడిపే కాలం ఒకటి, నేల మీద గడిపే కాలం ఒకటి, దేశానికో తీరుగా తిరిగే గడియారం ఒకటి. ఈ నాలుగూ విడివిడిగా తెలిస్తే టిక్కెట్టు మోసం చేయదు.

ఒకే ఊరికి మూడు దూరాలు

హైదరాబాదు నుంచి తిరుపతి ఎంత దూరం? రోడ్డు మీద వెళ్ళేవారు సుమారు 560 కిలోమీటర్లంటారు. 2023 ఏప్రిల్‌లో మొదలైన వందే భారత్ రైలు నల్లగొండ, గుంటూరు మీదుగా తిరిగి సికింద్రాబాదు నుంచి 661 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. శంషాబాదు విమానాశ్రయం నుంచి తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే మాత్రం దూరం 420 కిలోమీటర్లే.

మూడూ నిజమే. రోడ్డు ఊళ్ళను కలుపుకుంటూ పోతుంది. రైలుదారి వంతెన వున్న చోట నది దాటాలి, కొండ అడ్డమైతే చుట్టుకుపోవాలి. విమానానికి కృష్ణానది అడ్డం కాదు, నల్లమల అడ్డం కాదు. రెండు విమానాశ్రయాల మధ్య భూగోళం మీద దారం బిగించి పట్టుకుంటే ఎంత వస్తుందో అదే విమాన దూరం. నిజంగా ఎగిరే దారి దానికన్నా కొంచెం ఎక్కువే వుంటుంది. ఎగరడానికీ దిగడానికీ గాలికి ఎదురుగా మళ్ళాలి, ఆకాశంలో కేటాయించిన బాటలలోనే నడవాలి, కింద రద్దీ వుంటే ఒకటి రెండు చుట్లు తిరగాలి.

విశాఖపట్నం సంగతీ ఇంతే. సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా రైలులో 699 కిలోమీటర్లు. విమానంలో తిన్నగా 510 కిలోమీటర్లు. ఢిల్లీకి 1,270 కిలోమీటర్లు.

గల్ఫ్ దేశాల దూరాలు మన జిల్లా వారికి మరీ ముఖ్యం. శంషాబాదు నుంచి మస్కట్ సుమారు 2,200 కిలోమీటర్లు, దుబాయి 2,550, ఖతర్‌లోని దోహా 2,900. కువైట్, రియాద్ రెండూ దరిదాపు 3,400 కిలోమీటర్లు. అంటే దుబాయి దూరం ఢిల్లీ దూరానికి రెండింతలు మాత్రమే.

వందకు ఏడున్నర, మీద నలభై

దూరం తెలిశాక కాలం ఎంతో కాగితం మీద ఎవరైనా కట్టవచ్చు. ప్రతి వంద కిలోమీటర్లకు ఏడున్నర నిమిషాలు వేసుకోవాలి. వచ్చిన మొత్తానికి నలభై నిమిషాలు కలపాలి. జెట్ విమానాలకు ఈ లెక్క టిక్కెట్టు మీది కాలానికి బాగా దగ్గరగా వస్తుంది.

తిరుపతి 420 కిలోమీటర్లు కనుక ముప్ఫైరెండు నిమిషాలు, మీద నలభై, మొత్తం గంటా పన్నెండు. విశాఖకు గంటా పద్దెనిమిది. ఢిల్లీకి రెండుంబావు గంటలు. దుబాయికి మూడు గంటల యాభై నిమిషాలు. కువైట్‌కు అయిదు గంటలకు కొద్దిగా తక్కువ.

ఈ నలభై నిమిషాలు ఎందుకన్న ప్రశ్న రావచ్చు. విమాన సంస్థలు ప్రయాణ కాలాన్ని చక్రాలు నేల విడిచినప్పటి నుంచి కాక, నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచే లెక్కిస్తాయి. దిగినాక మళ్ళీ నిలిచే చోటికి చేరేదాకా ఆ లెక్క సాగుతుంది. రన్‌వే దాకా మెల్లగా పాకడం, వరుసలో ఆగడం, పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ వేగం తక్కువగా వుండడం, ఇవన్నీ అందులోనే పడతాయి. దూరం ఎంతైనా ఈ ఖర్చు తప్పదు. అందుకే దగ్గరి ఊరికి విమానంలో కలిసివచ్చే కాలం తక్కువ, దూరదేశానికి ఎక్కువ.

విమానం రకాన్ని బట్టి కూడా కాలం మారుతుంది. ఎయిర్‌బస్, బోయింగ్ వంటి జెట్ విమానాలు పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతాయి. చిన్న ఊళ్ళకు తిరిగే ఏటీఆర్ విమానాలకు పక్కలకు పెద్ద పంకాలుంటాయి. అవి ఇంకా తక్కువ ఎత్తున, గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతాయి. కనుక ఒకే ఊరికి ఒక టిక్కెట్టులో గంటా పది, ఇంకో టిక్కెట్టులో గంటన్నర అని వుంటే కంగారు పడనక్కరలేదు. ఎక్కబోయే విమానం వేరన్నమాట.

పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకొక లెక్క

దుబాయికి పోయేటప్పుడు మూడు గంటల యాభై నిమిషాలు పట్టే దారి, తిరిగివచ్చేటప్పుడు మూడున్నర గంటల్లోనే ముగుస్తుంది. దీనికి కారణం గాలి. అంత ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. గల్ఫ్‌కు పోయే విమానం దానికి ఎదురీదాలి. వచ్చే విమానాన్ని అదే గాలి వెనక నుంచి తోస్తుంది. ఏటికి ఎదురు వేసిన పుట్టికీ, వాలున వదిలిన పుట్టికీ వున్న తేడానే ఇది.

గడియారం తెచ్చే చిక్కు

గాలి వల్ల అరగంట కూడా తేడా రాదు. అసలు చిక్కు గడియారం వల్ల వస్తోంది. టిక్కెట్టు మీద బయలుదేరే వేళ బయలుదేరే ఊరి గడియారం ప్రకారం వుంటుంది. దిగే వేళ దిగే ఊరి గడియారం ప్రకారం వుంటుంది.

సూర్యుడు తూర్పున వున్న మనకు ముందు కనిపిస్తాడు, పడమట వున్న దుబాయికి తరువాత కనిపిస్తాడు. భూగోళం మీద ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. హైదరాబాదుకూ దుబాయికీ మధ్య 23 డిగ్రీలు వున్నాయి. అంటే తేడా సుమారు గంటన్నర. గడియారాలలోనూ సరిగ్గా అంతే పెట్టుకున్నారు. దుబాయి, మస్కట్ గడియారాలు మనకన్నా గంటన్నర వెనక. కువైట్, సౌదీ, ఖతర్, బహ్రెయిన్ గడియారాలు రెండున్నర గంటలు వెనక.

ఇప్పుడు టిక్కెట్టు చూడండి. హైదరాబాదులో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి దుబాయిలో 6 గంటల 20 నిమిషాలకు దిగుతుందని వుంటే ప్రయాణం రెండు గంటల ఇరవై నిమిషాలు కాదు. దానికి గంటన్నర కలపాలి. మూడు గంటల యాభై అవుతుంది. అక్కడ రాత్రి 10 గంటలకు బయలుదేరి ఇక్కడ తెల్లవారుజామున 3 గంటలకు దిగేది అయిదు గంటల ప్రయాణం కాదు. అందులో గంటన్నర తీసివేయాలి. మూడున్నర అవుతుంది. పడమటికి పోతే కలపాలి, తూర్పుకు వస్తే తీసివేయాలి. ఇంతకు మించి ఇందులో సూత్రమేమీ లేదు.

గడియారంతో పాటు తారీఖు కూడా తలనొప్పి తెస్తుంది. గల్ఫ్ విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాక కదులుతాయి. టిక్కెట్టు మీద 12వ తేదీ 1 గంటా 30 నిమిషాలు అని వుంటే, అది 12వ తేదీ పగలూ కాదు, ఆనాటి రాత్రీ కాదు. 11వ తేదీ రాత్రి పడుకునే వేళకు విమానాశ్రయంలో వుండాలి. 11వ తేదీ సాయంత్రం ఏడు గంటలకైనా సిద్దిపేట వదలాలి. 12వ తేదీ పొద్దున బట్టలు సర్దుకునే సరికి విమానం దుబాయి చేరి వుంటుంది. పోయిన టిక్కెట్టు సొమ్ము చాలా వరకు తిరిగిరాదు. గడువు దగ్గర పడిన వీసా వున్నవారికి నష్టం టిక్కెట్టుతో ఆగదు.

నేల మీది గంటలు

2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకు మారాయి. సిద్దిపేట వారికి బేగంపేట నగరానికి ఈవలి ఒడ్డున వున్నట్టు, శంషాబాదు ఆవలి ఒడ్డున వున్నట్టు అయింది. రాజీవ్ రహదారి మీద నగరం దాకా సుమారు వంద కిలోమీటర్లు. నగరం దాటి గాని, శామీర్‌పేట వద్ద బాహ్యవలయ రహదారి ఎక్కి గాని శంషాబాదు చేరడానికి మొత్తం 130 కిలోమీటర్లకు పైనే. సొంత బండి వుంటే రెండున్నర, మూడు గంటలు. బస్సులో అయితే జూబిలీ బస్టాండులో దిగి, అక్కడ విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు పట్టుకోవాలి. ఎదురుచూపుతో కలిపి నాలుగు గంటలు వేసుకోవడం క్షేమం.

ఈ 130 కిలోమీటర్లను జెట్ విమానం పది నిమిషాల్లో దాటుతుంది. కాని విమానం ఎక్కడానికి అదే దూరం మూడు గంటలు తింటుంది.

చేరినంత మాత్రాన ఎక్కినట్టు కాదు. దేశంలో తిరిగే విమానాలకు రెండు గంటల ముందు, విదేశాలకు మూడు గంటల ముందు చేరుకోవాలి. సామాను తీసుకునే కౌంటరును చాలా సంస్థలు దేశంలోని విమానాలకు గంట ముందే మూసివేస్తాయి. విదేశీ విమానాలకు గంట నుంచి గంటంబావు ముందు మూస్తారు. బస్సు కండక్టరును బతిమాలి ఆపించినట్టు ఇక్కడ ఆపించడం కుదరదు. విమానం ఎదురుగా కనిపిస్తున్నా తలుపు మూశాక ఎక్కనివ్వరు.

ఈ లెక్కన తిరుపతి ప్రయాణాన్ని ఇంటి నుంచి కట్టి చూద్దాం. విమానం ఉదయం 10 గంటలకనుకుంటే 8 గంటలకు శంషాబాదులో వుండాలి. సొంత బండి అయినా సిద్దిపేటలో 5 గంటలకు కదలాలి. విమానం 11 గంటల పది నిమిషాలకు రేణిగుంటలో దిగుతుంది. పెట్టె చేతికొచ్చి, సుమారు 15 కిలోమీటర్ల అవతల వున్న తిరుపతి ఊళ్ళో కాలు పెట్టేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. మొత్తం ఏడున్నర గంటలు. ఆకాశంలో గడిపింది గంట, నేల మీద గడిపింది ఆరు గంటల పైన. బస్సుల మీద పోతే నేల మీదివే ఏడు గంటలు దాటుతాయి. కొండ ఎక్కడం దీనికి అదనం.

అదే వందే భారత్ రైలు సికింద్రాబాదు నుంచి తిరుపతికి సుమారు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు పోవడం, ముందుగా స్టేషనులో వుండడం కలిపితే పన్నెండు గంటలు. టిక్కెట్లు పక్కపక్కన పెడితే గంటా పది ఎక్కడ, ఎనిమిదిన్నర ఎక్కడ అనిపిస్తుంది. ఇంటి గడప నుంచి కొలిస్తే మిగిలేది నాలుగున్నర గంటలు మాత్రమే. నలుగురున్న కుటుంబం ఆ నాలుగున్నర గంటలకు ఎంత చెల్లించవచ్చో వారే తేల్చుకోవాలి. పెద్దవయసు వారు, పసిపిల్లలు, జబ్బుతో వున్నవారు వెంట వుంటే ఒక జవాబు, పడుచువారికి ఒక జవాబు.

2023 అక్టోబరు 3న సిద్దిపేటకు రైలు వచ్చింది. రైలులో సికింద్రాబాదు దాకా పోయి అక్కడి నుంచి బస్సులో శంషాబాదు చేరుకునే వీలు కూడా ఏర్పడింది. అయితే ఆ రైలు వేళకూ తమ విమానం వేళకూ పొంతన కుదురుతుందో లేదో ముందే చూసుకోవాలి.

దూరం పెరగదు, గంటలు పెరుగుతాయి

1970 దశకంలో గల్ఫ్‌కు పోయిన తొలితరం వారు రైలెక్కి బొంబాయి పోయి అక్కడ విమానం ఎక్కేవారు. ఇప్పుడు హైదరాబాదు నుంచే నేరుగా విమానాలున్నాయి. అయినా ధర తక్కువని ముంబయి మీదుగా పోయే టిక్కెట్టు కొనేవారున్నారు.

దూరంలో దీనివల్ల నష్టమేమీ లేదు. హైదరాబాదు నుంచి ముంబయి 620 కిలోమీటర్లు, ముంబయి నుంచి దుబాయి 1,930 కిలోమీటర్లు. రెండూ కలిపితే 2,550. నేరుగా పోయినా అంతే. దుబాయి గీత మీదనే ముంబయి వుంది. కాని రెండుసార్లు ఎక్కి దిగాలి కనుక నలభై నిమిషాల ఖర్చు రెండుసార్లు పడుతుంది. మధ్యలో కూర్చునే గంటలు మూడు కావచ్చు, తొమ్మిది కావచ్చు. ముంబయిలో టెర్మినళ్ళు రెండు వేర్వేరు చోట్ల వున్నాయి. ఒకదానిలో దిగి ఇంకొకదానిలో ఎక్కవలసి వస్తే రోడ్డు మీద పోవాలి.

ఇంకొక జాగ్రత్త కూడా వుంది. రెండు విమానాలూ ఒకే టిక్కెట్టు మీద వుంటే, మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోయినప్పుడు దారి చూపే బాధ్యత సంస్థది. వేర్వేరుగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ లేదు. ఏజెంటు చేతిలో పెట్టిన కాగితం ఒకే టిక్కెట్టా, రెండు టిక్కెట్లా అని అడిగి తెలుసుకోవాలి.

చిన్న ఊళ్ళ విమానాశ్రయాల మధ్య తిరిగేవారికి దూరం కూడా పెరుగుతుంది. విశాఖ నుంచి తిరుపతి తిన్నగా 600 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానం దొరకని రోజున హైదరాబాదు వచ్చి పోతే అది 930 కిలోమీటర్లవుతుంది. గంటన్నరలో పోయే ఊరికి సగం రోజు పడుతుంది.

ఈ చిన్న ఊళ్ళను కలపడానికే కేంద్ర ప్రభుత్వం 2016లో ఉడాన్ పథకాన్ని తెచ్చింది. సుమారు 500 కిలోమీటర్లు, అంటే గంట ప్రయాణానికి, కొన్ని సీట్లకు 2,500 రూపాయలకు మించకుండా ధర పెట్టడం అందులో ముఖ్యాంశం. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద మొదటగా కదిలిన విమానాలలో కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు విమానాలున్నాయి. కడప 300 కిలోమీటర్లు, నాందేడ్ 250 కిలోమీటర్ల దూరం. పథకం కింద మొదలైన దారులలో కొన్ని తరువాత ఆగిపోయాయి. పాత సమాచారం పట్టుకుని ప్రయాణం పెట్టుకోకుండా, ఆ వారం విమానం వుందో లేదో కనుక్కోవడం మంచిది.

మామునూరు వస్తే?

వరంగల్ దగ్గరి మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం వుంది. శంషాబాదు ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్ళ దాకా మరొక విమానాశ్రయం రాకూడదన్న షరతు వుండడంతో దాని పునరుద్ధరణ చాలాకాలం ముందుకు సాగలేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌరవిమానయాన శాఖ దానికి అనుమతి తెలిపింది.

అక్కడ విమానాలు మొదలైతే హుస్నాబాద్ ప్రాంతం వారికి దారి బాగా తగ్గుతుంది. సిద్దిపేట పట్నానికి మాత్రం అది కూడా వంద కిలోమీటర్ల పైమాటే. నగరం రద్దీ వుండదన్నదొక్కటే మేలు. గల్ఫ్‌కు పోయేవారు అక్కడ ఎక్కినా మధ్యలో మరో విమానం మారవలసి వుంటే, ఇంటి దగ్గర మిగిలిన గంట మారే చోట పోతుంది. దగ్గరి విమానాశ్రయం అన్నంత మాత్రాన దగ్గరి ప్రయాణం కాదు.

కబురు అందిన ఇంట

ఈ లెక్క అన్నిటికన్నా అవసరమయ్యేది ఆపదలో. దుబ్బాక పక్క పల్లెలో తండ్రి పోయాడనుకుందాం. కొడుకు కువైట్‌లో వున్నాడు. యజమాని సెలవిచ్చి, కాగితాలు చేతికి వచ్చి, రాత్రి 10 గంటల విమానానికి టిక్కెట్టు దొరికింది. అతడు అక్కడి గడియారం ప్రకారం సాయంత్రం 6 గంటలకు గది వదలాలి. మనకది రాత్రి ఎనిమిదిన్నర. విమానం కదిలేసరికి మనకు అర్ధరాత్రి దాటి అరగంట. శంషాబాదులో దిగేసరికి ఉదయం ఐదుంబావు. పాస్‌పోర్టు తనిఖీ, సామాను కాగానే ఆరుంబావు. సిద్దిపేట వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఊరు చేరేసరికి పది, పదిన్నర.

గది వదిలింది మొదలు వాకిట్లో అడుగు పెట్టే దాకా పద్నాలుగు గంటలు. అందులో ఆకాశంలో గడిచేది ఐదు గంటల లోపే. ఇంటివారు ఈ సంగతి ముందే తెలుసుకుంటే, శవాన్ని రాత్రంతా వుంచడానికి మంచు పెట్టె తెప్పించుకోవచ్చు, చుట్టాలకు సరైన వేళ చెప్పవచ్చు, శంషాబాదుకు బండి పంపవచ్చు. బండి ముందే పోయి నిలబడితే అక్కడ ఒక గంట మిగులుతుంది. టిక్కెట్టు కొనేటప్పుడు కూడా కొడుకు అడగవలసింది ఏ విమానం ముందు కదులుతుందన్నది కాదు, ఏది ముందు శంషాబాదులో దిగుతుందన్నది. నాలుగు గంటలు ముందు కదిలి మధ్యలో తొమ్మిది గంటలు ఆగే విమానం కన్నా, ఆలస్యంగా కదిలే నేరు విమానమే ముందు చేరుస్తుంది.

గల్ఫ్‌లో మనిషి వున్న ప్రతి ఇంట్లోనూ గోడ మీది క్యాలెండరు పక్కన మూడు అంకెలు రాసి వుంచుకోవచ్చు. అతడున్న ఊరి గడియారం మనకన్నా ఎంత వెనక, నేరు విమానానికి ఎన్ని గంటలు, శంషాబాదు నుంచి మన గడపకు ఎన్ని గంటలు. వీటికి ముందు మూడు గంటలు, దిగినాక ఒక గంట కలుపుకుంటే లెక్క సరిపోతుంది.